మరమేకు ఉపమానము - మోటారు పంటు వేగము

ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు ఉపమాలంకారమును బోధించునపుడు నాలుగు అంగములను పేర్కొనును: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. వీనిలో సమానధర్మము చెడినచో ఉపమయే చెడును. పక్క గదిలోని విజ్ఞానశాస్త్ర బోధకుడు కూడ దినమునకు పది ఉపమలను వాడును. విద్యుత్తు కొళాయి నీటివలె ప్రవహించుననును. పరమాణువు సౌరకుటుంబమును పోలియున్నదనును. అయితే ఆ ఉపమలను అలంకారశాస్త్రపు త్రాసులో వేసి తూచు అలవాటు తరగతి గదులలో తక్కువ. కవి చెప్పిన ఉపమ తప్పినచో రసభంగము మాత్రమే కలుగును. శాస్త్రోపమ తప్పినచో లెక్క తప్పును. ఆ లెక్కను నమ్ముకొన్నవారికి నష్టము కలుగును.

అట్టి శాస్త్రోపమలలో ఒకటి ఇది: "మరమేకు చెక్కలోనికి దిగునట్లు ప్రొపెల్లరు నీటిలో ముందుకు పోవును." మోటారు పడవలను గూర్చిన పాఠములలోను, పడవలు నడుపువారి మాటలలోను ఇది తరచుగ వినిపించును. ఇంగ్లీషువారు ప్రొపెల్లరును నేటికిని స్క్రూ అని వ్యవహరింతురు. ఈ ఉపమలో ఉపమేయము ప్రొపెల్లరు, ఉపమానము మరమేకు, తిరుగుచు ముందుకు సాగుట సమానధర్మము. ఈ సమానధర్మము ఎంతవరకు సత్యము? ఎచ్చట అది మోసపుచ్చును? ఒక మోటారు పంటుకు అత్యధిక వేగము సాధించు సమస్యను తీసికొని పరీక్షించినచో ఈ రెండును తేటపడును.

పంటు అనగానేమి?

వికారాబాదు నుండి తాండూరు పోవు రైలు మార్గములో ధారూరు ఒక స్టేషను. ఆ ప్రాంతమున, అనంతగిరి అడవుల చెంత, కోట్‌పల్లి జలాశయము కలదు. సేద్యమునకై కట్టిన ఈ జలాశయము 2010ల దశకము నుండి కయాకు పడవల విహారము వలన హైదరాబాదు వారికిని సుపరిచితమైనది. కయాకుకు మోటారు లేదు. రెండు కొనలు గల తెడ్డును మార్చి మార్చి వేయుచు మనుష్యుడే దానిని నడుపును. ఇట్టి నిలుకడ నీటిలో ఒక పంటు పడవను దింపి, దానికి మోటారు తగిలించి నడుపవలెనని అనుకొందము.

పంటు తెలుగువారికి క్రొత్తది కాదు. గోదావరిపై సఖినేటిపల్లి-నరసాపురము రేవులలో మనుష్యులను, బండ్లను దాటించు పడవకు పంటు అనియే పేరు. కృష్ణపై బల్లకట్టు కలదు. రెండు తాటిదోనెలను జతచేసి కట్టిన దానిని పూర్వులు సంగడి అనిరి. నేటి విహారపు పంటు ఈ సంగడికి దగ్గర చుట్టమే. గాలి నిండిన రెండు, లేక మూడు, పొడవైన అల్యూమినియపు గొట్టములు. వాని మీద చదునైన వేదిక. వేదిక వెనుక వ్రేలాడు మోటారు. ఇట్టి మోటారును 1909లో అమెరికాలో ఓలే ఎవిన్రూడు విరివిగా అమ్మజూపినది మొదలు అది లోకమంతట వ్యాపించినది. ఇంజను పైన, ప్రొపెల్లరు నీటిలో, రెంటికిని నడుమ నిలువు కడ్డీ, గేర్లు. ఇదియే దాని నిర్మాణము.

ఇక పంటు యజమాని కోరునదేమి? "ఉన్న పడవ ఇంకను వేగముగ పోవలెను." అందుకు వినవచ్చు సలహాలు ముఖ్యముగ రెండు. పెద్ద మోటారు పెట్టుమనునది ఒకటి. ఎక్కువ పిచ్ గల ప్రొపెల్లరు వేయుమనునది రెండవది. ఈ రెండవ సలహా మరమేకు ఉపమానము నుండియే పుట్టినది.

ఉపమ చేసిన మేలు

ఉపమ యందలి దోషములను చెప్పుటకు ముందు దాని గుణమును చెప్పుట న్యాయము. పదవ తరగతి దాటిన విద్యార్థులకు స్క్రూగేజి పరిచితమే. దాని తలను ఒక పూర్తి చుట్టు త్రిప్పినచో మర ముందుకు జరుగు దూరమే పిచ్. సాధారణముగ అది 1 మిల్లీమీటరు ఉండును. ప్రొపెల్లరు పిచ్ కూడ ఇట్టిదే. చెక్క వంటి ఘనపదార్థములో తిరిగినట్లయిన ఒక చుట్టుకు అది ఎంత దూరము పోవలెనో ఆ దూరమే దాని పిచ్. కాని అది మిల్లీమీటరులలో గాక సెంటీమీటరులలో ఉండును. ప్రయోగశాలలో స్క్రూగేజిని చేతబట్టిన విద్యార్థికి పడవ ప్రొపెల్లరు పిచ్ ఇంత తేలికగ అర్థమగుచుండగా, ఈ రెంటిని జతచేసి చెప్పు పాఠములు అరుదుగ కనిపించుట శోచనీయము.

ఈ జత వలన ఒక లెక్క లభించును. ఒక పంటు ఇంజను నిమిషమునకు 5400 చుట్లు తిరుగుచున్నదనుకొందము. గేర్ల వలన ప్రొపెల్లరు అందులో సగము, అనగా 2700 చుట్లు తిరుగును. అది సెకనుకు 45 చుట్లు. పిచ్ 30 సెంటీమీటరులైనచో సెకనుకు 45 × 0.30 = 13.5 మీటరులు పోవలెను. గంటకు 48.6 కిలోమీటరులు. ఇది కాగితపు వేగము. నీటి మీద కొలిచి చూడగా పంటు సెకనుకు 10 మీటరులు, అనగా గంటకు 36 కిలోమీటరులు మాత్రమే పోయినదనుకొందము. తక్కువ పడిన 3.5 మీటరులు 13.5 మీటరులలో సుమారు 26 శాతము. దీనికి జారుడు అని పేరు పెట్టవచ్చును.

ఇంతవరకు ఉపమ మేలే చేసినది. కాగితపు వేగము ఎంతో చెప్పినది. అసలు వేగము దానికంటె ఎంత తక్కువయో కొలుచుటకు ఒక గీత గీచి యిచ్చినది. అయితే ఆ 26 శాతము ఎచ్చటికి పోయినదని అడిగినచో ఉపమ నోరు మెదపదు. మరమేకుకు జారుడు లేదు గదా!

మొదటి దోషము: నీరు చెక్క కాదు

మరమేకు ముందుకు పోవుటకు చెక్క కదలకుండ నిలిచియుండుటయే కారణము. నీరట్లు నిలువదు. ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టును. నీరు ప్రొపెల్లరును ముందుకు నెట్టును. ఇది న్యూటను మూడవ సూత్రము. కనుక జారుడు యంత్రమునందలి లోపము కాదు. నీరు వెనుకకు కదలకున్నచో పడవ ముందుకు కదలనే కదలదు. జారుడు సున్న అయిన ప్రొపెల్లరు పడవను నెట్టుట మానుకొన్నదని దాదాపుగ చెప్పవచ్చును. ఉపమ దేనిని దోషముగ చూపుచున్నదో అదియే నిజమునకు పడవకు జీవము. ఈ ఉపమలోని ప్రధాన దోషము ఇదియే.

అయితే జారుడు ఎంత ఉండవలెను? ఇందుకు ద్రవ్యవేగపు లెక్క సమాధానము చెప్పును. 1865లో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు రాంకిను ప్రొపెల్లరును ఈ దృష్టితో పరిశీలించెను. ఒక ప్రొపెల్లరు సెకనుకు 100 కిలోగ్రాముల నీటిని పట్టి, దానికి సెకనుకు 2 మీటరుల వేగమును కలిగించినదనుకొందము. అప్పుడు లభించు నెట్టుబలము 200 న్యూటనులు. మరొక ప్రొపెల్లరు సెకనుకు 50 కిలోగ్రాముల నీటినే పట్టి, 4 మీటరుల వేగమును కలిగించినదనుకొందము. నెట్టుబలము అదే 200 న్యూటనులు. కాని వెనుకకు పోవు నీటిలో వృథాయగు గతిశక్తిని లెక్కించినచో, మొదటి దానిలో సెకనుకు 200 జౌళ్లు, రెండవ దానిలో 400 జౌళ్లు. పని ఒక్కటియే, దుబారా రెట్టింపు.

కనుక కొంచెము నీటిని గట్టిగ విసరుట కంటె, ఎక్కువ నీటిని మెల్లగ నెట్టుట మేలు. ఎక్కువ నీటిని పట్టుటకు ప్రొపెల్లరు వ్యాసము పెద్దదిగ నుండవలెను. పెద్ద ప్రొపెల్లరును త్రిప్పుటకు గేరు దానిని నెమ్మదిగ త్రిప్పవలెను. వెడల్పైన వేదిక, గాలికి అడ్డుపడు కప్పు, పదిమంది మనుష్యులు గల పంటుకు ఈ నియమము మరింత ముఖ్యము. తేలికపాటి పందెపు పడవకు తగిన చిన్న ప్రొపెల్లరును పంటుకు తగిలించినచో ఇంజను రొద చేయును గాని పడవ కదలుట కష్టము. మరమేకు ఉపమానములో పిచ్‌కు చోటున్నది. వ్యాసమునకు చోటు లేదు. పంటుకు మొదట చూడవలసినది వ్యాసమైయుండగా, ఉపమ దృష్టినంతను పిచ్ మీదికి మరలించినది.

ఈ భ్రమ క్రొత్తది కాదు. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను ఇంగ్లీషు రైతు 1836లో మర ప్రొపెల్లరుకు పేటెంటు పొందెను. ఆ సంవత్సరముననే స్వీడను దేశీయుడగు జాన్ ఎరిక్సను కూడ వేరొక రకమునకు పేటెంటు పొందెను. స్మిత్ చేసిన కొయ్య ప్రొపెల్లరు నిజముగ మరమేకు వలెనే రెండు పూర్తి చుట్లు కలిగియుండెను. 1837లో లండనులోని కాలువలో దానిని పరీక్షించుచుండగా ఏదియో తగిలి అందులో సగము విరిగిపోయెను. పడవ ఆగవలసినది పోయి మునుపటి కంటె వేగముగ పోయెను! చెక్కలోనైనచో మరకు ఎన్ని చుట్లుండిన అంత పట్టు. నీటిలో అదనపు చుట్టు రాపిడిని మాత్రమే పెంచినది. ఉపమకు మొదటి ఖండన విమర్శకుని కలము నుండి గాక విరిగిన కొయ్యముక్క నుండి వచ్చినది. స్మిత్ గొప్పతనమేమనగా, విరిగిన దానిని అతుకబెట్టక, అది చెప్పిన పాఠమును విని చుట్లను తగ్గించెను.

రెండవ దోషము: త్రిప్పువాడెవడు?

మరమేకును త్రిప్పు చేతికి ఎంత బలము కావలెనో ఉపమ చెప్పదు. అందుచేత, పిచ్ పెంచిన వేగము పెరుగునని వినువారికి తోచును. పై లెక్కలో 30 సెంటీమీటరుల పిచ్‌కు బదులు 35 వేసినచో కాగితపు వేగము గంటకు 48.6 నుండి 56.7 కిలోమీటరులకు పెరుగవలెను. కాని ఇంజను అవే 5400 చుట్లు తిరుగునని ఎవరు మాట యిచ్చిరి?

సైకిలు త్రొక్కువారికి ఈ విషయము అనుభవమే. గేరు మార్చు సదుపాయమున్న సైకిలుపై అనంతగిరి ఎక్కుడు దారిలో పెద్ద గేరు వేసినచో పెడలు ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరము పోవును. కాని పెడలును త్రిప్పుటకే కాళ్లు చాలవు. పడవ ప్రొపెల్లరు సంగతియు ఇంతే. పిచ్‌ను 2.5 సెంటీమీటరులు పెంచినచో ఇంజను చుట్లు నిమిషమునకు సుమారు 150 నుండి 200 వరకు తగ్గునని పడవవారి అనుభవము. 5 సెంటీమీటరులు పెంచినచో 5400 కాస్త 5000కు దిగును. ఇంజను తన పూర్తి సామర్థ్యమును ఒక నిర్ణీత చుట్ల సంఖ్య వద్దనే ఇయ్యగలదు. చుట్లు తగ్గినచో సామర్థ్యము తగ్గును. తక్కువ సామర్థ్యముతో ఎక్కువ వేగము సాధించుట, రెక్కల దక్షత అంతకంతకు పెరిగిననే తప్ప, శక్తి నిత్యత్వ నియమమునకు పొసగదు. కాగితముపై వేగము పెరిగి, నీటిపై తగ్గిన పడవలు ఇందువలననే కనిపించును.

దీనికి వ్యతిరేకమైన తప్పును కలదు. పిచ్ మరీ తక్కువైనచో ప్రొపెల్లరు సులువుగ తిరిగిపోవును. ఇంజను చుట్లు హద్దు మీరి అది త్వరగ అరిగిపోవును. కనుక ప్రతి మోటారుకును దాని తయారీదారు నిర్ణయించిన చుట్ల మేర యుండును; ఉదాహరణకు 5000 నుండి 6000 వరకు. పూర్తిగ మీట త్రిప్పినపుడు ఇంజను ఈ మేరలో, పై భాగమునకు దగ్గరగ, తిరుగునట్లు చేయు పిచ్‌యే తగిన పిచ్. దీనిని చెప్పగలది చుట్ల సంఖ్యను చూపు టాకోమీటరు గాని ఉపమ కాదు. వేగము చాలలేదని మోటారు మార్చుటకు ముందు ఈ పరికరమును చూచుట మేలు. ఇంజను మేరను అందుకొనలేకున్నచో ఉన్న మోటారులోని శక్తియే పూర్తిగ వాడబడుట లేదని అర్థము.

మూడవ దోషము: మర ఎచ్చట నున్నది?

మరమేకు చెక్కలో ఎచ్చట దిగినను మరమేకే. ప్రొపెల్లరు అట్లు కాదు. మోటారును కొంచెము పైకెత్తి బిగించినచో నీటిలో మునిగిన కాడకు రాపిడి తగ్గి వేగము పెరుగును. మరికొంచెము ఎత్తినచో పైనున్న గాలి రెక్కలలోనికి చొరబడును. రెక్కలు అప్పుడు నీటికి మారుగ నురుగును త్రిప్పును. పడవ మలుపు తిరుగునపుడు ఇంజను చుట్లు ఒక్కసారిగ పెరిగి వేగము మాత్రము తగ్గినచో గాలి చొరబడినదని గ్రహింపవచ్చును. దీనిని అడ్డుటకే ప్రొపెల్లరుకు పైన ఒక పలుచని అడ్డపలక ఉండును. పడవ పరుగెత్తునపుడు ఆ పలక నీటి పైపొరకు ఇంచుమించు సమమట్టమున ఉండవలెను. మోటారు వంపు కూడ ఇట్లే సరిచూడదగినది. ప్రొపెల్లరు ఇరుసు నీటిమట్టమునకు దాదాపు సమాంతరముగ నున్నప్పుడే నెట్టుబలము వృథా కాదు. ఒక్కొక్క మార్పు చేసి, ఒక్కొక్కసారి కొలుచుటయే ఇందుకు దారి. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు ఏది మేలు చేసినదో తెలిసికొనలేడు.

గాలి చొరబడుటకును, కావిటేషను అను మరొక చిక్కుకును భేదము కలదు. పాఠశాలలో ఒక ప్రయోగము చేయుదురు: గాజుకుప్పెలో నీటిని మరిగించి, బిరడా బిగించి, తలక్రిందులు చేసి, పైన చన్నీరు పోసినచో మరుగుట ఆగిన నీరు మరల మరుగును. లోపలి పీడనము తగ్గుటయే ఇందుకు కారణము. అతివేగముగ తిరుగు ప్రొపెల్లరు రెక్క వెనుక కూడ పీడనము ఇట్లే పడిపోయి, నీరు వేడి లేకయే ఆవిరి బుడగలగును. ఆ బుడగలు పగులునపుడు లోహమును సైతము కొరికివేయును.

దీనికి చరిత్రలో ప్రసిద్ధమైన సాక్ష్యము టర్బీనియా ఓడ. ఆవిరి టర్బైను నిర్మాత చార్లెసు పార్సన్సు దీనిని 1894లో నీటిలోనికి దింపెను. టర్బైను బలమైనదే, కాని ఒకే ప్రొపెల్లరుతో ఓడ గంటకు 20 నాట్లు, అనగా సుమారు 37 కిలోమీటరులు, దాటలేకపోయెను. బుడగలే కారణమని గ్రహించి పార్సన్సు చిన్న నీటిగొట్టములో నమూనాలను త్రిప్పి పరిశీలించెను. పిమ్మట టర్బైనును మూడు భాగములుగ జేసి, మూడు ఇరుసులకు మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లరులను అమర్చెను. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకాప్రదర్శనమున ఆ చిన్న ఓడ 34 నాట్లకు మించి పరుగెత్తి నౌకాదళమును ఆశ్చర్యపరచెను. యంత్రమెంత గొప్పదైనను దానిని నీటికి అప్పగించు రెక్క తగినది కానిచో ఫలము దక్కదని టర్బీనియా నిరూపించినది.

పెద్ద మోటారు సలహా

పిచ్ సలహా వలెనే పెద్ద మోటారు సలహాయు విమర్శకు నిలువదు. నీటి నిరోధము వేగవర్గముతో పెరుగునని అనుకొన్నచో, కావలసిన సామర్థ్యము వేగఘనముతో పెరుగును. వేగము రెట్టింపు కావలెనన్న సామర్థ్యము ఎనిమిది రెట్లు కావలెను. సామర్థ్యమును రెట్టింపు చేసినచో వేగము పెరుగునది 26 శాతము మాత్రమే. గంటకు 20 కిలోమీటరులు పోవు పడవ 25 పోవును.

ఇందులో మరొక మెలికయు కలదు. పడవ తాను పుట్టించిన అలలోనే చిక్కుకొనును. 9 మీటరుల పొడవు గల పడవ గంటకు సుమారు 13.5 కిలోమీటరుల వేగమును అందుకొన్నప్పుడు అల పొడవు పడవ పొడవుతో సమమగును. అచ్చటినుండి పడవ తన అలనే ఎక్కవలసి వచ్చి నిరోధము ఘననియమమునకు మించి పెరుగును. సన్నని పొడవైన గొట్టములు గల పంటు వెడల్పు పడవకంటె ఈ గండమును సులువుగ గడచును. గొట్టముల ప్రక్కన పట్టీలు అమర్చి నీటిపై కొంత లేచునట్లు చేసినచో ఇంకను మేలు. కనుక పెద్ద మోటారు కొనుటకు ముందు డబ్బు ఖర్చు కాని పనులు కొన్ని కలవు. గొట్టములో నీరు చేరినదేమో చూడవలెను. అడుగున పట్టిన పాచిని గోకవలెను. వంగిన రెక్కను సరిచేయింపవలెను. బరువును వేదికపై సమముగ సర్దవలెను.

వేగమును కొలుచుట

అంకగణితములో పడవ-ప్రవాహము లెక్కలు అందరును చేసినవారే. ఆ లెక్కలలో "నిలుకడ నీటిలో పడవ వేగము" అను మాట వచ్చును. కోట్‌పల్లి వంటి జలాశయమున ఆ నిలుకడ నీరు ప్రత్యక్షముగ లభించును. గాలిని సరిచూచుటకు మాత్రము రెండు దిక్కులలోను కొలువవలెను. గోదావరిపై అట్లు కాదు. వాలుకు గంటకు 14 కిలోమీటరులు, ఎదురీతకు 6 కిలోమీటరులు వచ్చినచో నిలుకడ వేగము 10, ప్రవాహము 4. ఇచ్చట రెండు వేగముల సగటును తీసికొనవలెను గాని, మొత్తము దూరమును మొత్తము కాలముచే భాగింపరాదు. 42 కిలోమీటరులు పోవుటకు 3 గంటలు, వచ్చుటకు 7 గంటలు పట్టును. 84ను 10చే భాగించిన 8.4 వచ్చును. అది ప్రయాణపు సగటు వేగమే గాని పడవ వేగము కాదు. వాలున ఒక్కసారి కొలిచి "నా పడవ 14 పోవును" అని చెప్పుకొనుట పడవకు గాక ఏటికి చెందిన ఘనతను కాజేయుటయే.

అత్యధిక వేగము ఎవరికి?

ఇంతకు ఈ విమర్శ యంతయు ఒక ఉపమను గూర్చియేనా? కాదు. పడవలో మనుష్యులున్నారు. మరమేకుకు ఎదురు ప్రవాహము లేదు, ప్రయాణికులు లేరు. ఒక్క మనిషితో, ఖాళీ వేదికతో, అత్యధిక వేగమునకు పిచ్ ఎంచిన పంటు నిండుగ జనమును ఎక్కించుకొన్నపుడు ఏమగును? ఇంజను తన మేరను అందుకొనలేదు, మూలుగుచు వేడెక్కును. పై లెక్కలోని పడవకు నిలుకడ వేగము 10 నుండి 7కు తగ్గినదనుకొందము. 4 కిలోమీటరుల ప్రవాహమునకు ఎదురుగ అది 6 పోవలసినది 3 మాత్రమే పోవును. నిలుకడ నీటిలో పదింట మూడు వంతుల తగ్గుదల ఏటికెదురుగ సగము తగ్గుదల అయినది. వరద పెరిగి ప్రవాహమే 7 అయినచో ఇంజను పూర్తిగ తిరుగుచున్నను పడవ ఉన్నచోటనే నిలుచును. అందుచేత ప్రొపెల్లరును ఎంచవలసినది ఖాళీ పడవకు గాదు, నిత్యము మోయు బరువుతో నున్న పడవకు.

ఇంకొకటి. పడవకు బ్రేకులు లేవు. ముందుకు తోసిన ప్రొపెల్లరే వెనుకకు తిరిగి ఆపవలెను. ఆపుటయందు పెద్ద వ్యాసము, వెడల్పైన రెక్కలు మేలు చేయును. నాలుగు రెక్కల ప్రొపెల్లరు అత్యధిక వేగమున కొంచెము వెనుకబడినను బరువును కదల్చుటయందును, ఆపుటయందును సాధారణముగ గట్టిది. పంటు ముందరి కొనన జనము గుమిగూడియుండగా వేగమును ఒక్కసారిగ తగ్గించినచో వేదిక ముందుకు వంగి నీరు పైకెక్కును. చుట్టుప్రక్కల కయాకులున్నచోట పెద్ద అలలు లేపుటయు ప్రమాదమే.

తెలుగునాట నదులు పడవ ప్రమాదములను మరువనీయవు. 2017 నవంబరు 12న కృష్ణపై పవిత్ర సంగమము చెంత, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద పడవలు మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ ప్రమాదములను ప్రొపెల్లరుకు అంటగట్టుట తగదు. కాని నీటిపై ప్రయాణమున బరువు, ప్రవాహము, యంత్రబలము ఒకదానితో నొకటి ముడివడియున్నవని బాల్యముననే నేర్పుట ఎంత అవసరమో అవి చెప్పక చెప్పుచున్నవి. అత్యధిక వేగమును కొలువవలసినదే. అయితే అది పందెము గెలుచుటకు గాదు. ఇంజను, రెక్క, పడవ మూడును ఒకదానికొకటి పొసగినవో లేదో తెలిసికొనుటకు, ఆపదలో వాడుటకు మిగులుబలము ఎంతయున్నదో తెలిసికొనుటకు.

మరి ఉపమను విడిచిపెట్టవలెనా?

విడువనక్కరలేదు. పిచ్ అనగానేమో చెప్పుటకు మరమేకును మించిన ఉపమానము లేదు. అచ్చటితో దానిని ఆపవలెను. పడవను నెట్టునదేమి అను ప్రశ్న వచ్చినపుడు వేరొక ఉపమానమును వెదకవలెను. అది దూరమున లేదు, పడవలోనే యున్నది.

పడవవాని చేతిలో రెండు సాధనములుండును: గడ, తెడ్డు. గడ ఏటి అడుగున నేలకు తన్ని పడవను నెట్టును. నేల కదలదు కనుక జారుడు లేదు. తెడ్డు నీటిని వెనుకకు త్రోసి పడవను నెట్టును. నీరు కదలును కనుక జారుడు తప్పదు. గడ వేయుటకు లోతు తక్కువ ఉండవలెను. తెడ్డుకు ఆ నియమము లేదు. మరమేకు గడకు చుట్టము. ప్రొపెల్లరు తెడ్డుకు చుట్టము. ఆగక తిరుగు తెడ్డు. వెడల్పు తెడ్డును నిదానముగ వేయుట మేలా, సన్నని తెడ్డును తొందరగ వేయుట మేలా అని కోట్‌పల్లిలో కయాకు నడిపిన పిల్లవానిని అడిగినను చేతుల నొప్పితో సమాధానము చెప్పగలడు. తెడ్డు నీటిపైకి లేచి గాలిని కొట్టినచో పడవ కదలదనియు, శక్తికి మించిన తెడ్డును త్రిప్పబోయినచో చేయి ఆగిపోవుననియు వానికి తెలియును. అనగా పైన చెప్పిన మూడు దోషములకును ఈ ఒక్క ఉపమానమున సమాధానము కలదు.

విజ్ఞానశాస్త్ర బోధకుడు ఈ పాఠమును చెప్పునపుడు తెలుగు పండితుని ప్రశ్నను అరువు తెచ్చుకొనుట మంచిది: "సమానధర్మమేమి?" అటుపిమ్మట ఇంకొక ప్రశ్నను చేర్చవలెను: "అసమానధర్మమేమి?" కవిత్వమున మొదటి ప్రశ్న చాలును. శాస్త్రమున రెండవ ప్రశ్నయే పాఠము.